కొసరు వాళ్ళ గల్లాపెట్టెలోనే: గోల్డ్ పాయింట్లు, స్టార్స్, ఇంకా మన ఆన్‌లైన్ తిప్పలు

డాలస్_డాంకీ · 24 జూలై 2025, రాత్రి 9:40

నిన్నటితో సోనీ వాళ్ళ కొసరు పథకం ప్లేస్టేషన్ స్టార్స్‌లో పాయింట్లు పడడం ఆగిపోయింది. కూడబెట్టినవి వాడుకోడానికి 2026 నవంబర్ 2 దాకా గడువిచ్చారు, ఆ తర్వాత దుకాణం బంద్. నింటెండో వాళ్ళయితే గోల్డ్ పాయింట్లు ఇవ్వడం మార్చి నెలాఖర్లోనే మానేశారు. నాలుగు నెలల తేడాలో రెండు కంపెనీలూ ఒకే పని చేశాయి.

నాకు ప్లేస్టేషన్ లేదు కాబట్టి ఆ బాధ ఉన్నవాళ్ళు చెప్పుకోండి. నా ఏడుపు గోల్డ్ పాయింట్ల గురించి. తెలియనివాళ్ళకి లెక్క: నింటెండో ఆన్‌లైన్ కొట్టు ఈషాప్‌లో డిజిటల్ గేమ్ కొంటే ధరలో 5 శాతం, గేమ్ ఉన్న చిన్న కార్ట్రిడ్జ్ కొని రిజిస్టర్ చేసుకుంటే 1 శాతం పాయింట్లుగా వచ్చేది. ఒక పాయింటు అంటే ఒక సెంటు. 60 డాలర్ల గేమ్‌కి 300 పాయింట్లు, అంటే 3 డాలర్లు. దాంతో మేడలు కట్టక్కర్లేదు, నాకూ తెలుసు. కానీ ఏడాదికి ఆరేడు గేములు కొనేవాడికి ఏడాది చివర చిన్న ఇండీ గేమ్ ఒకటి ఊరికే వచ్చేది. ఆ ఊరికే వచ్చినదాని రుచి వేరు.

ఇప్పుడు వరస చూడండి. మార్చిలో పాయింట్లు ఆపారు. జూన్ 5న నింటెండో కొత్త గేమ్ యంత్రం స్విచ్ 2 దిగింది, 449.99 డాలర్లు. మారియో కార్ట్ వరల్డ్ గేమ్ విడిగా కొంటే 79.99. పాత లెక్కన దానిమీద 4 డాలర్లు తిరిగి రావాలి. రేటు పెంచిన ఏడాదే కొసరు తీసేశారు. మా అమ్మ రైతుబజార్లో అయితే వంకాయలు తిరిగి గంపలో పోసేసి పక్క కొట్టుకి పోయేది.

వరంగల్_వారియో · 24 జూలై, రాత్రి 10:05

అన్నా, మీకు అమెరికాల పాయింట్లన్న వచ్చినయ్. మాకు ఈడ అసలు దుకాణమే లేదు గదా. నింటెండో ఇండియాల అఫీషియల్‌గ అమ్మదు, ఇండియా ఈషాప్ లేదు. ఎవరో బయటికెళ్ళి తెచ్చిన స్విచ్, అమెరికా పేరు మీద అకౌంటు, గిఫ్ట్ కార్డులు. గిట్ల నడుస్తున్నది మా సంసారం.

కార్ట్రిడ్జ్‌లు మేం ఎక్కువ సెకండ్ హ్యాండే కొంటం. పాయింట్లు ఒక్కసారే వస్తయ్, అవి మొదటోడు ఎప్పుడో నొక్కేసి ఉంటడు. కొత్తది కొన్నా గేమ్ రిలీజైన ఏడాది లోపల రిజిస్టర్ చేస్తెనే లెక్క. రేటు తగ్గినంక కొనే మాలాంటోళ్ళకు ఆ ఏడాది ఎప్పుడో దాటిపోయి ఉంటది. గా 1 శాతం నా చేతికి ఒక్కసారి గూడ రాలే. మీరు పోగొట్టుకున్నరు, మేం చూడనే లేదు. ఎవరి బాధ పెద్దది చెప్పుండ్రి.

లెక్కల_మాస్టారు · 24 జూలై, రాత్రి 10:31

నేను కాస్త అడ్డం మాట్లాడతాను, తిట్టకండి.

60 డాలర్లు పెట్టి గేమ్ కొన్నారు. గేమ్ వచ్చింది. లెక్క అక్కడితో సరి. పాయింట్లు వాళ్ళు ఇష్టపడి ఇచ్చింది. ఇష్టపడి ఇచ్చినదాన్ని ఇష్టం లేనప్పుడు ఆపారు. ఉన్నపళంగా గుంజుకోలేదు కూడా. ఆపే ముందు ఫిబ్రవరిలోనే చెప్పారు, అప్పటికే మన ఖాతాలో ఉన్న పాయింట్లకి ఎప్పటిలాగే 12 నెలల గడువు ఉంది. దీంట్లో మోసం ఎక్కడ?

కొసరు అడగొచ్చు. కొసరు వేయలేదని పంచాయితీ పెట్టకూడదు.

పాతచింతకాయ · 24 జూలై, రాత్రి 11:18

మాస్టారూ, కొసరు అన్నారు కాబట్టి నా పాత కథ ఒకటి చెప్పాలి. కాస్త పొడుగ్గా ఉంటుంది, టీ పెట్టుకుని చదవండి.

2009లో ఎమ్మెస్ చెయ్యడానికి వచ్చాను. నలుగురు తెలుగు కుర్రాళ్ళం, రెండు బెడ్రూములు, ఒక రైస్ కుక్కరు. చందాలేసుకుని పాత వీ (నింటెండో వాళ్ళ టీవీ గేమ్ యంత్రం) ఒకటి కొన్నాం. అప్పట్లో క్లబ్ నింటెండో అనే బహుమతుల పథకం ఉండేది. అమెరికాలో 2008లో మొదలైంది, జపాన్‌లో 2003 నుంచే ఉంది. గేమ్ డబ్బా తెరిస్తే ఒకవైపు డిస్కు, రెండోవైపు పుస్తకం, ఆ పుస్తకం వెనకాల చిన్న కాగితం, కాగితం మీద పిన్ నంబరు. సైట్లో ఆ నంబరు కొట్టి, సర్వే నింపితే నాణేలు పడేవి. ఈ గేమ్ మీరే కొన్నారా, ఎవరైనా ఇచ్చారా, ఇంట్లో ఎంతమంది ఆడతారు, ఇలాంటి ప్రశ్నలు. పెళ్ళిసంబంధానికి వచ్చినవాళ్ళు కూడా అన్ని అడగరు. అయినా భక్తిగా నింపేవాళ్ళం.

డబ్బా తెరిచీ తెరవగానే ఆ కాగితం కోసం చేతులు పడేవి. మా రూమ్మేటు ఒకడు, వాడిది బాపట్ల, అందరి పిన్నులూ తన అకౌంట్లోకి లాగేశాడు. జూలై నుంచి జూన్ దాకా ఏడాది లెక్క. 300 నాణేలు దాటితే గోల్డ్, 600 దాటితే ప్లాటినం. వాడికి గోల్డ్ వచ్చింది. ఓ రోజు పోస్టులో డెస్కు క్యాలెండర్ దిగింది, మారియోది. గోడకి అప్పటికే ఇండియన్ గ్రాసరీ వాళ్ళిచ్చిన వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ ఉంది, తిథులూ రాహుకాలంతో సహా. ఏడాదంతా మేం చూసింది దాన్నే అనుకోండి. కానీ బల్ల మీద నిలబడింది మారియో. ఫోన్లో అమ్మకి కూడా చెప్పుకున్నాడు వెధవ, కంపెనీవాళ్ళు పంపించారని.

ఇంకో రకం సామాను కూడా ఉండేది. 1,200 నాణేలు పోగేస్తే 1980 నాటి చేతి గేమ్ యంత్రం, గేమ్ అండ్ వాచ్ బాల్‌కి నకలు చేసి ఇచ్చేవాళ్ళు. పేకముక్కల్లాంటి హనాఫుడా కట్ట ఒకటి ఇచ్చారు, మారియో బొమ్మలతో. 1889లో క్యోటోలో ఆ కంపెనీ పుట్టిందే ఆ ముక్కలు తయారు చెయ్యడానికి, అది తెలిసి ఇచ్చిన బహుమతి. కొట్లో కొందామన్నా దొరకని వస్తువు. అదీ కొసరంటే. చేతిలో పడాలి.

2015 జనవరిలో క్లబ్ మూసేస్తున్నామన్నారు, జూన్ 30తో అయిపోయింది. మళ్ళీ 2016 మార్చిలో మై నింటెండో అని వచ్చింది. ఎగబడి చూశాం. డిస్కౌంటు కూపన్లు, వాల్‌పేపర్లు. వాల్‌పేపరండీ! గూగుల్లో కొడితే వచ్చేదానికి పాయింట్లు కట్టాలట. తర్వాత్తర్వాత వస్తువులు కూడా పెట్టారు, కానీ పాయింట్లు కట్టి, పైన పోస్టు ఖర్చు మనమే పెట్టుకోవాలి. పెళ్ళికి పిలిచి, బంతి భోజనానికి టికెట్ తీసుకోమన్నట్టుంది.

మాస్టారూ, మీరన్నది నిజమే, హక్కు కాదు. కానీ నాణేలు అయిపోతే ఒక క్యాలెండర్ మిగిలింది. గోల్డ్ పాయింట్లు అయిపోతే ఏం మిగిలింది చెప్పండి. కొసరు నా సంచిలో వెయ్యకుండా కొట్టాయన తన గల్లాపెట్టెలోనే అట్టేపెట్టి, పైన నా పేరు రాసి చూపించాడు. ఇప్పుడు ఆ పేరు కొట్టేశాడు.

జాయ్‌కాన్_జానకి · 24 జూలై, రాత్రి 11:52

పాతచింతకాయ గారూ, బాపట్ల రూమ్మేటు ఇంకా టచ్‌లో ఉన్నారా? ఆ క్యాలెండర్ అమ్ముతారేమో అడగండి, నేను సీరియస్.

నాది మాత్రం నా తప్పే. గోల్డ్ పాయింట్లకి 12 నెలలు గడువు కదా. డెలివరీ టైమ్‌లో లాగిన్ అవ్వలేదు. పాప పుట్టి, ఐదో నెల వచ్చాక ఓ రాత్రి పాలు పట్టి పడుకోబెట్టి స్విచ్ తీశా. గోల్డ్ 800 చిల్లర ఉండాల్సింది, సున్నా. ఎవర్ని తిట్టను? పాపనా?

బెజవాడ_బౌజర్ · 25 జూలై, ఉదయం 7:15

ప్లేస్టేషన్ సైడ్ నుంచి హాజరు.

స్టార్స్ 2022లో పెట్టారు, మూడేళ్ళు కూడా నిండకుండానే దీపం కొండెక్కింది. అసలు కిటుకు ఏంటంటే, చేరడం ఫ్రీ. కానీ స్టోర్లో కొన్నవాటికి పాయింట్లు పడాలంటే పీఎస్ ప్లస్ ఉండాలి. అంటే డబ్బులు కట్టి సభ్యుడివైతేనే కొసరు. నెలకోసారి ఏదో ఒక గేమ్ ఆడితే చిల్లర పాయింట్లు, దానికి తోడు డిజిటల్ బొమ్మలు. ఫోన్ యాప్‌లో ఒక అద్దాల అల్మరా, దాంట్లో ఆ బొమ్మలు పెట్టుకుని తిప్పి చూసుకోవాలి. మా చెల్లి అడిగింది, ‘అన్నయ్యా, వీటిని ముట్టుకోలేం, అమ్ముకోలేం, మరి ఏం చేస్తారు?’ అని. చూస్తారమ్మా అన్నా.

నాలుగో లెవెల్‌కి చేరినవాళ్ళకి కస్టమర్ సపోర్ట్ లైన్లో ముందు వరస అని మొదట్లో ప్రకటించారు, కొన్ని దేశాల్లో. అది చదివినప్పుడే నాకు ఒళ్ళు మండింది. కనకదుర్గమ్మ గుళ్ళో 300 రూపాయల టికెట్ లైన్ అంటే అర్థం చేసుకోవచ్చు, అక్కడ దర్శనం. ఇక్కడ వాళ్ళ సర్వీసు పాడైతే బాగుచేయించుకోడానికి కూడా వీఐపీ లైనా?

ఇక ఆన్‌లైన్. ఫిబ్రవరి 7 సాయంత్రం అమెరికా టైమ్‌లో పీఎస్ఎన్, అంటే ప్లేస్టేషన్ ఆన్‌లైన్ సర్వీసు, మొత్తం పడిపోయింది, ఓ రోజంతా. కారణం ‘ఆపరేషనల్ ఇష్యూ’ అన్నారు, రెండు ముక్కలు. ప్లస్ ఉన్నవాళ్ళకి ఐదు రోజులు ఎక్కువిచ్చారు. ఒక రోజు పోయినందుకు ఐదు రోజులు మంచిదే. కానీ ఏమైందో చెప్పలేదు. 2011 ఏప్రిల్ 20న పడినప్పుడు సుమారు 7.7 కోట్ల ఖాతాల వివరాలు బయటపడ్డాయి, మూడు వారాలకి పైగా సర్వీసు లేదు. అది గుర్తున్నవాడికి ‘ఆపరేషనల్ ఇష్యూ’ అంటే కడుపులో తిప్పదా? అప్పుడైతే వెల్కమ్ బ్యాక్ అని ఐదు పీఎస్3 గేముల్లో రెండు ఎంచుకోమన్నారు.

రేట్లు వేరే సంగతి. 2022లో ఇక్కడ ప్లస్‌లో అడుగు ప్లాను ఎసెన్షియల్ ఏడాదికి 2,999 రూపాయలు. 2023 సెప్టెంబర్లో 12 నెలల ప్లాన్లన్నీ ప్రపంచమంతా పెంచేశారు, అమెరికాలో 59.99 ఉన్నది 79.99 చేశారు. మనకి పై ప్లాను ప్రీమియం లేదు, దాని బదులు డీలక్స్ ఉంది, ఎందుకంటే క్లౌడ్ స్ట్రీమింగ్ (గేమ్ దించుకోకుండా నెట్‌లోనే ఆడడం) మన దేశానికి రాలేదు. పేరులో డీలక్స్, బస్సులో ఏసీ లేదు.

లెక్కల_మాస్టారు · 25 జూలై, ఉదయం 8:02

> ఐదు పీఎస్3 గేముల్లో రెండు ఎంచుకోమన్నారు

ఇదే నేను చెప్పేది. వాళ్ళు ఉదారంగా ఇచ్చిన ప్రతిసారీ ముందు ఏదో పాడై ఉంటుంది. 2011లోనే నింటెండో కూడా. మార్చిలో 3డీఎస్ అనే చేతి గేమ్ యంత్రం 249.99 డాలర్లకి అమ్మారు. ఆగస్టు 12న 169.99 చేశారు. ఐదు నెలల్లోపే 80 డాలర్ల కోత. ముందు కొన్నవాళ్ళు గోల చేస్తారని తెలిసి, అంబాసిడర్లు అని పేరు పెట్టి, వాళ్ళ పాత యంత్రాల గేములు, పది ఎన్ఈఎస్‌వి, పది గేమ్‌బాయ్ అడ్వాన్స్‌వి ఇచ్చారు. ఆ గేమ్‌బాయ్ అడ్వాన్స్ పది మళ్ళీ 3డీఎస్ మీద ఎవరికీ అమ్మలేదు కూడా.

కంపెనీ దెబ్బతిన్నప్పుడు మనం రాజులం. బాగా అమ్ముడుపోతున్నప్పుడు మనం వరసలో నిలబడ్డవాళ్ళం. ఇది వ్యాపారం. దీన్ని ప్రేమ అనుకున్నవాళ్ళదే పొరపాటు.

పాతచింతకాయ · 25 జూలై, ఉదయం 8:20

మాస్టారూ, నేనూ ఒక అంబాసిడర్నే. ఆ ఇరవై గేములూ ఇప్పటికీ అందులో ఉన్నాయి. అంబాసిడర్ అంటే మా నాన్నగారి తెల్ల కారు గుర్తొచ్చేది, అది కూడా ఇలాగే మొండిగా నడిచింది.

సీమ_సైనికుడు · 25 జూలై, ఉదయం 9:44

పాయింట్ల సంగతి పక్కన పెట్టండప్పా. పోతే పోయినాయి. అంగడి మొత్తం మూసేస్తా ఉండారు గదా, దాని గురించి ఎవురూ మాట్లాడరేమి?

వీ షాప్ 2019 జనవరి 30న మూసినారు. 3డీఎస్ ఈషాప్, వీ తర్వాత వచ్చిన వీ యూ ఈషాప్ 2023 మార్చి 27న. అది గూడా ఒక్కసారి గాదు, ముందు 2022 మేలో కార్డులు తీసుకునేది ఆపినారు, ఆగస్టులో గిఫ్ట్ కార్డులు ఆపినారు, ఆమైన తలుపేసినారు. 2024 ఏప్రిల్ 8న ఆన్‌లైన్ ఆటే లేకుండా చేసినారు. దానికి ముందు డీఎస్ (3డీఎస్‌కి ముందుది), వీ ఆన్‌లైన్ 2014 మే 20న పాయె. మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఎక్స్‌బాక్స్ 360 అంగడి 2024 జూలై 29న. నింటెండో ఒక్కటే గాదు, అందురూ అంతే.

నేను కడపలో ఉండి డీఎస్‌లో మారియో కార్ట్ ఆడేవాణ్ణి. ఆ డీఎస్‌కి పాత రకం వైఫై తాళం తప్ప పనిచెయ్యదు, డబ్ల్యూఈపీ అని. ఇంట్లో రూటర్ సెట్టింగ్ మార్చి, మా అన్న ల్యాప్‌టాప్ పని చెయ్యక, తన్నులు తిని, అట్ల ఆడినా. ఎవరో ఫ్రాన్స్ పిల్లోడు, పేరు తెలీదు, వాడి బండి ఎప్పుడూ నా ముందరే. ఆన్‌లైన్ మూసే రోజు రాత్రి కడాపటి రేసు ఆడదామని కూచుంటే కరెంటు పోయింది. తెల్లారి వచ్చి చూస్తే ఎర్రర్ కోడు. ఎవుర్నని అడగాల?

ఇప్పుడు పాత వీకి విమ్మ్‌ఫై, 3డీఎస్‌కి, వీ యూకి ప్రెటెండో అని అభిమానులే సర్వర్లు నడుపుతా ఉండారు. జీతం లేదు, పాయింట్లు లేవు. కంపెనీ దీపం ఆర్పిపోతే వీళ్ళు వచ్చి ముట్టిచ్చినారు.

బెజవాడ_బౌజర్ · 25 జూలై, ఉదయం 10:10

సీమ అన్నా, ఒక్క విషయం. 2021 మార్చిలో సోనీ కూడా పీఎస్3, చేతి యంత్రం వీటా స్టోర్లు మూసేస్తామంది. జనం దుమ్మెత్తి పోశారు. ఏప్రిల్లో వెనక్కి తగ్గి, తప్పు నిర్ణయం తీసుకున్నామని ఒప్పుకుని, ఆ రెండూ ఉంచేశారు. అంతకన్నా పాత చేతి యంత్రం పీఎస్‌పీ కొనుగోళ్ళు మాత్రం ఆపారు. కాబట్టి మాస్టారు గారికి మనవి: పంచాయితీ పెట్టడం వల్ల ఒక్కోసారి పని జరుగుద్ది.

లెక్కల_మాస్టారు · 25 జూలై, ఉదయం 10:26

ఒప్పుకున్నాను. దానికి మాత్రం టోపీ తీస్తున్నా. అంగడి మూయడం వేరు, కొసరు ఆపడం వేరు. నేను మాట్లాడింది రెండోదాని గురించి.

కొత్త_కుర్రాడు · 25 జూలై, మధ్యాహ్నం 1:33

అన్నలూ, అక్కలూ, నేను ఇంటర్ సెకండియర్, గుంటూరు. మామయ్య దుబాయ్ నుంచి స్విచ్ ఓఎల్ఈడీ తెచ్చాడు. స్నేహితులతో ఆడాలంటే డబ్బు కట్టాలంటోంది. ఆల్రెడీ ఇంటర్నెట్‌కి కడుతున్నాం కదా? మళ్ళీ ఎందుకు? ఇంకోటి, నాన్న కార్డు కొడితే రిజెక్ట్ అయింది. పాయింట్లతో కట్టొచ్చా?

జాయ్‌కాన్_జానకి · 25 జూలై, మధ్యాహ్నం 1:58

తమ్ముడూ, నీ మొదటి ప్రశ్న మేమంతా 2018 నుంచి అడుగుతున్నదే. స్విచ్ వచ్చిన మొదటి ఏడాదిన్నర ఆన్‌లైన్ ఊరికే ఉండేది. 2018 సెప్టెంబర్లో ఏడాదికి 19.99 డాలర్లు మొదలెట్టారు. పాత ఎన్ఈఎస్ గేములు ఇరవై ఇచ్చి, సేవ్ చేసిన ఆట క్లౌడ్‌లో దాస్తామన్నారు. చాలా గేముల్లో ఆట జరిగేది పెద్ద సర్వర్ మీద కాదు, మీ ఇంటి స్విచ్‌కీ అవతలివాడి స్విచ్‌కీ మధ్యే తీగ కలిపినట్టు. అందుకే ఒకడి వైఫై బాగోకపోతే స్మాష్ అనే కొట్లాట గేములో నలుగురూ నీళ్ళలో నడిచినట్టుంటారు. నీది ఓఎల్ఈడీ కాబట్టి డాక్‌కి (టీవీకి కలిపే స్టాండుకి) లాన్ పోర్టు ఉంది, వైరు పెట్టుకో. మొదటి స్విచ్ డాక్‌కి అది కూడా లేదు, అడాప్టర్ విడిగా కొన్నాం.

మాట్లాడుకోవాలంటే? 2017లో స్ప్లటూన్ 2 గేమ్ నుంచి ఫోన్లో వేరే యాప్. చేతిలో ఆట, చెవిలో ఫోను, మధ్యలో ఎవరైనా ఫోన్ చేస్తే ఆట గల్లంతు. ఇప్పుడు స్విచ్ 2లో సీ బటన్ నొక్కితే గేమ్‌చాట్ వస్తోంది. అదీ 2026 మార్చి 31 దాకానే ఉచితం, తర్వాత సభ్యత్వం ఉండాలి. రుచి చూపించి లెక్క రాయడం మన స్వీట్ షాపుల పద్ధతి.

కార్డు సంగతి: 2020 అక్టోబర్ నుంచి ఆర్బీఐ రూలు ప్రకారం కొత్త కార్డులకి విదేశీ లావాదేవీలు మూసే ఇస్తారు. నాన్నగారి బ్యాంకు యాప్‌లో ఆయనే ఆన్ చెయ్యాలి. ఆయన్ని అడగకుండా నువ్వు చెయ్యకు. ఆన్ చేసినా పడకపోతే గిఫ్ట్ కార్డు దారి. పాయింట్ల ఆశ వద్దు, అవి ఇప్పుడు కొత్తగా పడవు.

వరంగల్_వారియో · 25 జూలై, మధ్యాహ్నం 2:20

తమ్మీ, గిఫ్ట్ కార్డు కొనేకాడ పైలం. నేను ఓసారి ఒక ఆన్‌లైన్ దుకాణంల, పేరెందుకు గని, 20 డాలర్ల కోడు కొన్న. రేటు మస్తు తక్కువున్నది. కోడు కొడితే ‘ఇదివరకే వాడినది’ అన్నది. దుకాణపోడికి మెసేజ్ పెడితే నాల్గు దినాలకు ఒక్క బొటనవేలు బొమ్మ పంపిండు. గంతే. అప్పటి సంది తెలిసినోళ్ళ కాడనే.

సెకండ్ హ్యాండ్ కార్ట్రిడ్జ్‌లకు గూడ గిప్పుడు భయమే. కాపీ గేములు ఆడిపిచ్చే కార్డులు పెట్టిన స్విచ్ 2లకు ఆన్‌లైన్ బంద్ చేస్తున్నరని జూన్‌ల ఎంత లొల్లి అయిందో సూసినం గదా. నువ్వు కొన్న పాత కార్ట్రిడ్జ్‌ను మొదటోడు కాపీ కొట్టుకొని ఆడుతుంటే? ఇన్నొద్దులు గేమ్ ఉన్నదా లేదా సూసి కొన్నం, ఇప్పుడు అమ్మెటోని మొఖం సూసి కొనాలె.

డాలస్_డాంకీ · 25 జూలై, సాయంత్రం 6:47

ఫ్యామిలీ ప్లాన్ సంగతి ఎవరూ చెప్పలేదేం? 34.99 డాలర్లు, ఎనిమిది అకౌంట్లు. మనిషికి 4 డాలర్ల 37 సెంట్లు. కొత్త_కుర్రాడూ, నువ్వు ఎవరి గ్రూపులోనైనా చేరు.

మన వేదికలోనే నాలుగేళ్ళుగా నడుస్తోంది నా గ్రూపు. సందర్భం వచ్చింది కాబట్టి మర్యాదగా గుర్తు చేస్తున్నా, బెజవాడ_బౌజర్ గారు 2023 తాలూకు 4 డాలర్ల 37 సెంట్లు ఇంకా బాకీ.

బెజవాడ_బౌజర్ · 25 జూలై, సాయంత్రం 7:03

నాకు ప్లేస్టేషనే ఉంది బాబూ, స్విచ్ 2022లోనే అమ్మేశా! గ్రూపులోంచి తియ్యమని మెసేజ్ కూడా పెట్టా.

డాలస్_డాంకీ · 25 జూలై, సాయంత్రం 7:05

మరి గత ఆదివారం టెట్రిస్ 99 ఆడిందెవరు? ఫ్రెండ్ లిస్టులో చూపించింది.

బెజవాడ_బౌజర్ · 25 జూలై, సాయంత్రం 7:31

అది మా చెల్లి. అమ్మింది దానికే. పంపిస్తున్నా, యూపీఐ ఏది.

పెద్దరికం, నిర్వాహకుడు · 25 జూలై, సాయంత్రం 7:50

బాకీలు ప్రైవేట్ మెసేజ్‌లో తేల్చుకోండి. కొత్త_కుర్రాడికి: పుట్టినరోజు నిజం పెట్టు, 18 లోపు ఉంటే నాన్నగారి ఖాతా కింద పిల్లల ఖాతా తెరవచ్చు. ఎవరి ఖాతాకైనా రెండంచెల భద్రత తప్పనిసరిగా పెట్టుకోండి. 2020లో నెట్‌వర్క్ ఐడీలు అనే పాత లాగిన్ల గుండా సుమారు 3 లక్షల నింటెండో ఖాతాల్లోకి దొంగలు దూరారు. పాయింట్ల కన్నా ముందు తాళం ముఖ్యం.

జాయ్‌కాన్_జానకి · 25 జూలై, రాత్రి 9:15

ఫ్యామిలీ ప్లాన్ అంటే గుర్తొచ్చింది. స్విచ్ 2 అమెరికాలో వాళ్ళ సొంత స్టోర్ నుంచి ముందుగా కొనాలంటే పెట్టిన షరతులు చదివారా? ఏప్రిల్ 2 నాటికి కనీసం 12 నెలలు డబ్బు కట్టిన ఆన్‌లైన్ సభ్యత్వం, 50 గంటల ఆట. ఆ గంటలు వాళ్ళకి కనిపించేలా మనం అనుమతిచ్చి ఉండాలి. పైగా సభ్యత్వం కొన్నవాళ్ళే లెక్క. అంటే ఎనిమిది మందిలో ఒక్కరు. మిగతా ఏడుగురు ఎన్ని వందల గంటలు ఆడినా చుట్టాలే.

జపాన్‌లోనూ 50 గంటలు, ఏడాది సభ్యత్వం అనే పెట్టారు. అయినా లాటరీకి సుమారు 22 లక్షల మంది వచ్చారు. అంతమందికి ఇవ్వలేమని ప్రెసిడెంట్ ఫురుకావా ముందే చెప్పి క్షమించమన్నాడు.

నాకు ఆ షరతు తప్పనిపించలేదు, నిజం చెప్తున్నా. బ్లాకులో అమ్ముకునేవాళ్ళని ఆపడానికి అంతకన్నా దారేముంది? కానీ చూడండి, ఎవరు నమ్మకస్తులో, ఎవరు ఎన్ని గంటలు ఆడారో, ఎన్నేళ్ళు కట్టారో అంతా వాళ్ళ పద్దులో ఉంది. గంటతో సహా. సరుకు తక్కువైనప్పుడు ఆ పద్దు తీశారు. కొసరు వేయాల్సినప్పుడు మాత్రం అదే పద్దు కనపడలేదా?

పాతచింతకాయ · 25 జూలై, రాత్రి 9:29

అమ్మా జానకీ, ఇది మాస్టారికి సరైన ప్రశ్న.

లెక్కల_మాస్టారు · 25 జూలై, రాత్రి 10:40

ఆలోచించాను. సమాధానం చెప్పలేను కానీ ఇంకో లెక్క చెప్తాను. పాత ఎక్స్‌బాక్స్ వాళ్ళకి గుర్తుంటుంది, మైక్రోసాఫ్ట్ పాయింట్లు. 80 పాయింట్లు ఒక డాలరు. 800 పాయింట్ల గేమ్ అంటే 10 డాలర్లని బుర్రలో భాగాహారం చేస్తే గానీ తెలిసేది కాదు. 2013లో తీసేసి మామూలు డబ్బులోకి వచ్చారు. ఆ రోజు నేను సంతోషించాను, ఎందుకంటే పాయింటు అనే మాట ఉన్నచోట ధర మసకబారుతుంది.

గోల్డ్ పాయింట్ల విషయంలో నా బాధ అదీ. 5 శాతం తగ్గించి 57 డాలర్లకి అమ్మొచ్చు. అలా చెయ్యకుండా 60 తీసుకుని, 3 డాలర్లు మళ్ళీ వాళ్ళ కొట్లోనే, 12 నెలల లోపే ఖర్చు పెట్టమన్నారు. జానకి గారి 800 పాయింట్లు 8 డాలర్లు. అది ఆవిడ మతిమరుపు కాదు, ఆ పథకంలో మతిమరుపుకి ముందే ఒక గది కట్టి ఉంచారు. అందుకే పాయింట్లు పోయాయని నేను ఏడవను. ఆ 3 డాలర్లు ధరలో తగ్గించలేదని ఏడుస్తాను. ఆ మాటకొస్తే నేనూ మీ పక్షమే, వేరే గుమ్మంలోంచి వచ్చాను.

వరంగల్_వారియో · 25 జూలై, రాత్రి 10:52

మాస్టర్ సాబ్ మన దిక్కు వచ్చిండు. ఇగ ఈ రోజు కల్లు నా తరఫున.

సీమ_సైనికుడు · 25 జూలై, రాత్రి 11:05

రేటు తగ్గిస్తారని మాత్రం కలలు కనాకండి మాస్టారా. 80 డాలర్లు అన్న తర్వాత ఎనక్కి వచ్చేది లేదు.

డాలస్_డాంకీ · 26 జూలై, ఉదయం 6:10

ఈ గొడవంతా మొదలెట్టి నేనే చూసుకోలేదు. ఇప్పుడే లాగిన్ అయ్యా. 640 పాయింట్లు ఉన్నాయి, అందులో 215 ఈ నెలాఖరుకి పోతాయి. పోయిన జూలైలో కొన్నదాని తాలూకు. 2 డాలర్ల 15 సెంట్లకి ఈషాప్‌లో ఏమొస్తుంది?

కొత్త_కుర్రాడు · 26 జూలై, ఉదయం 6:22

అన్నా, సేల్‌లో 1.99 గేములు బోలెడు ఉంటాయి. టాక్స్ చూసుకోండి.

పాతచింతకాయ · 26 జూలై, ఉదయం 6:30

మీ టెక్సస్‌లో టాక్స్ కలిపితే 2 డాలర్ల 15, 16 సెంట్లు అవుతుంది. సెంటు తక్కువైతే ఆ 425 లోంచి ఒకటి తియ్యి నాయనా, ప్రాణం పోదు.

డాలస్_డాంకీ · 26 జూలై, ఉదయం 6:48

2.15. సరిగ్గా. చేపలు పట్టే గేమ్ ఒకటి తీసుకున్నా. దానికి గోల్డ్ పాయింట్లు ఎన్నొస్తాయా అని కింద వెతికా, అలవాటు కొద్దీ.